అమ్మలూ, టిప్పర్ వెనక వెళ్లకు

కొత్త కారు ఫొటోలన్నీ మీ పెద్దమ్మ చూపించింది తల్లీ. చివరి ఫొటో మాత్రం నువ్వు నాకొక్కడికే పంపావు. బానెట్ ముందంచున మినపగింజలో సగం ఉన్న మచ్చ. "నెల కూడా కాలేదు పెదనాన్నా, అప్పుడే పెయింట్ లేచిపోయింది. సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఇంకెప్పుడూ ఇలా కాదంటున్నాడు షాపతను, వేయించనా?" అని అడిగావు. రాళ్ల కోసమైతే వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చెయ్యాలో చెబుతాను, తీరిగ్గా చదువు.

కారు రేకు మీద మనకు కనిపించే రంగు ఒక్కటే పొర కాదు. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని ఒక తొట్టిలో ముంచి కరెంటు ద్వారా పట్టించే పొర అడుగున ఉంటుంది. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. సెరామిక్ కోటింగ్ దీని మీద మరో ఒకటి రెండు మైక్రాన్లు వేస్తుంది. నీళ్లు నిలవవు, దుమ్ము తేలిగ్గా పోతుంది, కడగడం సుఖం. అంతవరకు మంచిదే. కానీ ఎగిరొచ్చే కంకరరాయికి ఆ రెండు మైక్రాన్లు అడ్డమే కాదు. "9హెచ్ గట్టిదనం" అని షాపు గోడ మీద రాసుకుంటారు చూడు, అది పెన్సిల్ ములుకులతో గీసి చూసే లెక్క. గీతలకు సంబంధించిన పరీక్ష అది, రాయి దెబ్బకు కాదు.

రాయి దెబ్బకు మొదటి మందు దూరం. నువ్వు తిరిగే దారి నాకు కొత్త కాదు. హైదరాబాద్ నుంచి బందరు దాకా 65వ నంబరు జాతీయ రహదారి. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట దాటి కోదాడ, నందిగామ. అక్కణ్ణుంచి కంచికచర్ల దాటాక పరిటాల, దొనబండ వైపు క్వారీలూ క్రషర్లూ ఉన్నాయి. కంకర నింపుకున్న టిప్పర్లు రోడ్డెక్కేది అక్కడే. పట్టా కప్పాలి, కప్పరు. కప్పినా తలుపు సందుల్లోంచి చిప్స్ రాలుతూనే ఉంటాయి. ఇంకోటి చాలామందికి తోచదు. పై నుంచి రాలే రాళ్లకన్నా టైర్లు ఎగరేసే రాళ్లే ఎక్కువ. లారీ వెనక చక్రాలు జంట టైర్లు కదా, వాటి గాళ్లలో, మధ్య సందులో ఇరుక్కున్న రాయి వేగం అందుకున్నాక ఊడి ఎగురుతుంది. అలా గాల్లోకి లేచిన రాయి మీదకు నువ్వే వెళ్లి గుద్దుకుంటావు. అందుకే దెబ్బలో సింహభాగం నీ వేగానిదే. గంటకు 80 నుంచి 100కు పెంచావంటే వేగం పెరిగింది పాతిక శాతమే, దెబ్బ బలం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. వంద కిలోమీటర్ల దారికి ఆ తేడా వల్ల నీకు కలిసొచ్చేది పావుగంట.

ముందు వెళ్లే బండి ఒక స్తంభం దాటగానే మనసులో సెకన్లు లెక్కపెట్టు. నువ్వు ఆ స్తంభం చేరేసరికి మామూలు బండి వెనకైతే మూడు, టిప్పర్ వెనకైతే ఐదు కావాలి. 80లో ఐదు సెకన్లంటే దాదాపు 110 మీటర్లు. అంత ఖాళీ వదిలితే మధ్యలో ఎవడో ఒకడు దూరతాడు అంటావు. దూరనీ. ఆ రాళ్లు వాడి బానెట్ మీద పడతాయి.

మన లారీలు కుడి లేను వదలవు. హారన్ కొట్టి కొట్టి విసిగి ఎడమ నుంచి దాటేస్తారు జనం. నువ్వూ అదే చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. బండ్లు తిరిగే చోట రోడ్డు ఊడ్చినట్టుంటుంది, రాళ్లూ ఇసుకా అంచుకు చేరతాయి. ఎడమ అంచున దూసుకెళ్లావంటే వాటిని నీ టైర్లే లేపి నీ తలుపుల కింది భాగానికి కొడతాయి, వెనకొచ్చేవాడికీ పంచుతాయి. ప్రాణాపాయం సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా తారు పోసి చిప్స్ చల్లిన రోడ్డు కనిపిస్తే 30కి దిగిపో, ఎవరు హారన్ కొట్టినా సరే.

ఇంత జాగ్రత్త పడ్డా హైవే మీద తిరిగే కారుకు రాళ్లు తగలకుండా ఉండవు. అక్కడే పీపీఎఫ్ అనే ఫిల్ము పనికొస్తుంది. ఇది థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్‌తో చేసిన పారదర్శకమైన పొర, మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే నీ కారు మీద ఉన్న మొత్తం పెయింటు కన్నా అదే మందం. మెత్తగా సాగే గుణం ఉంది కాబట్టి రాయి తగిలితే దెబ్బను తాను మింగుతుంది. మంచి ఫిల్ము మీద సన్నగీతలు పడితే ఎండకో వేడినీళ్లకో వాటంతటవే మాసిపోతాయి. మరీ పదునైన రాయి పెద్ద వేగంతో తగిలితే ఫిల్ము కూడా చిరుగుతుంది. ఆ ముక్క మార్చుకుంటాం, పెయింటు మిగులుతుంది.

మొత్తం కారుకు వేయించమంటాడు షాపతను. అక్కర్లేదు. నీది హైవే కారు, రాళ్లు తగిలేది ముందు భాగానికి. బంపరు, బానెట్, అద్దాల వెనక డిప్పలు, హెడ్‌లైట్లు, తలుపుల కింది అంచులు, ఇవి చాలు. పైకప్పుకూ డిక్కీకీ ఫిల్ము వేయడం నా దృష్టిలో డబ్బు దండగ. బానెట్ ముందు అడుగున్నర మేరకే వేస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది కానీ, ఫిల్ము ఆగిన చోట అడ్డంగా గీతలా దుమ్ము పేరుకుంటుంది. అది నీకు ఇబ్బంది అనిపించకపోతే అలాగే కానియ్. నేనైతే బానెట్ పూర్తిగా వేయిస్తాను.

పీపీఎఫ్ అని చెప్పి పీవీసీ ఫిల్ము అంటించేవాళ్లున్నారు జాగ్రత్త. ధరలో బాగా చవక, మన ఎండలకు త్వరగా పసుపెక్కి పెళుసుబారుతుంది. ముందుగా ఒక ముక్క చేతికిమ్మని అడుగు. గట్టిగా సాగదీసి వదిలితే మంచి ఫిల్ము మళ్లీ ముడుచుకుంటుంది. ఇత్తడి బ్రష్షుతో గీసి మీద వేడినీళ్లు పొయ్యమను, గీతలు పోవాలి. కారు మీదే బ్లేడుతో ఫిల్ము కోసే పనివాడైతే వెనక్కొచ్చెయ్. చెయ్యి తూలిందంటే పెయింటు మీద గీత జన్మకి పోదు. నీ మోడల్ కొలతలకు మిషను మీద ముందే కోసిన ముక్కలు తెప్పించే షాపు చూసుకో, అంచులు బానెట్ లోపలికి మడిచి అంటించమను. సబ్బునీళ్లతో తడిపి అంటిస్తారు కాబట్టి అడుగున తేమ ఆరేందుకు వారం దాకా కారు కడగొద్దు.

పక్క షెడ్డువాడు ముందు బంపర్ గార్డ్ బిగిస్తానంటాడు, రాళ్లకూ రక్షణ అంటాడు. ఇనప గొట్టాలు రాళ్లను ఆపవు. పైగా అవి మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడానికి కూడా అవి అడ్డు.

ఇక నీ మచ్చ సంగతి. అది ఎక్కడ పడింది అన్నదే అసలు ప్రశ్న. బంపరు ప్లాస్టిక్, తుప్పు పట్టదు. అక్కడ పది మచ్చలున్నా చూపుకే లోటు, తీరిక చిక్కినప్పుడు చూసుకోవచ్చు. నీది బానెట్ మీద పడింది, అది రేకు. నెలకోసారి బందరు వచ్చి సముద్రపు గాలిలో నిలబెడతావు. ఉప్పుగాలికి పెయింటు లేచిన చోటు తేలిగ్గా దొరుకుతుంది, తుప్పు పెయింటు అడుగున పాకి చుట్టూ పొక్కులు లేపుతుంది. కాబట్టి దాన్ని ఆలస్యం చెయ్యకు.

టింకరింగ్ షెడ్డుకు వెళ్లకు, వాడు బానెట్ మొత్తం మళ్లీ పెయింటు వేద్దామంటాడు. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. తయారైన కారులో వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్ ఉంటాయి, అంత వేడి పెట్టలేరు, సగం వేడితోనో ఇంకా తక్కువతోనో సరిపెడతారు. అందుకే మొదటి పెయింటంత గట్టిగా రెండోది ఉండదు. రేపు కారు అమ్మినప్పుడు కొనేవాడు మందం కొలిచే మీటరు పెట్టి చూసి, ఇదేదో గుద్దిన బండి అని బేరం తగ్గిస్తాడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అసలే వద్దు. ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. మినపగింజలో సగానికి దాన్ని పోగొట్టుకుంటావా?

ఇంట్లోనే చేసుకో. డ్రైవరు తలుపు స్తంభం మీదో, ఇంజను గదిలోనో అంటించిన స్టిక్కర్ మీద కలర్ కోడ్ ఉంటుంది, దాన్ని చూపించి కంపెనీ సర్వీస్ సెంటర్లో టచప్ సీసా కొను. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టు. మచ్చ చుట్టూ సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడువు, మైనం జిడ్డు పోవాలి. గుంటలో ఎర్రగా కనిపిస్తే సన్న ఉప్పుకాగితాన్ని అగ్గిపుల్ల చివర చుట్టి ఆ చుక్క వరకే రుద్దు, తర్వాత తుప్పు నిరోధక ప్రైమర్ పెట్టు. సీసాతో వచ్చే కుంచె లావుగా ఉంటుంది, వాడకు. టూత్‌పిక్ మొనను రంగులో ముంచి గుంట మధ్యలో తాకించు, రంగు తనే అంచుల దాకా పరుచుకుంటుంది. ఒక్కసారే నింపేద్దామని చూడకు, పైకి ఉబ్బుతుంది. పలచగా పెట్టి, అరగంటకు పైగా ఆరనిచ్చి మళ్లీ పెట్టు, అలా రెండు మూడు సార్లు. ఆఖర్న క్లియర్ కోట్ చుక్క. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, అయినా తుప్పు ఆగుతుంది.

అన్నట్టు, బానెట్‌కు మళ్లీ దండ వేస్తే ఇనప తీగతో కట్టకు, దారంతో కట్టు. గాలికి ఊగి ఆ తీగ చేసే గీతలు రాళ్లకేం తీసిపోవు. కుంకుమ బొట్టు అదే రోజు తడిగుడ్డతో తుడిచెయ్, ఎండకు రంగు పట్టేస్తుంది. దేవుడేమీ అనుకోడు.

టచప్ ముందు, ఫిల్ము తర్వాత. ఫిల్ము కింద ఉండిపోయిన మచ్చను మళ్లీ ముట్టుకోలేం. టచప్ పెట్టాక రెండు మూడు వారాలు బాగా ఆరనిచ్చి అప్పుడు షాపుకు వెళ్లు. ఫిల్ము కంపెనీ పేరు, మందం, వారంటీ ఎన్నేళ్లు, పసుపెక్కితే మారుస్తారా లేదా, ఇవన్నీ బిల్లు మీద రాయించుకో తల్లీ, నోటిమాట నమ్మకు.