పేరు పెట్టే హక్కు

చెన్నైలో రాజాజీ సాలై మీద బస్సుల హోరు దాటి, కోట గేటు దగ్గర బ్యాగు సోదా చేయించుకుని లోపలికి వెళితే సెయింట్ మేరీస్ చర్చి. 1680 నాటిది. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా కట్టిన కప్పు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగిందని ఎవరైనా చెబుతారు. నన్ను ఆపింది ఆ పెళ్ళి కాదు.

1689లో ఇక్కడ ముగ్గురు అక్కచెల్లెళ్ళకు బాప్తిస్మం ఇచ్చారు: మేరీ, ఎలిజబెత్, కేథరిన్. తండ్రి జాబ్ చార్నాక్. చాలాకాలం కలకత్తా స్థాపకుడిగా చలామణీ అయినవాడు (2003లో కలకత్తా హైకోర్టు ఆ మాట చెల్లదంది). తల్లి హిందూ స్త్రీ. ఆమె అసలు పేరు మనకు దక్కలేదు. దక్కింది కథ ఒక్కటే: చితి దగ్గరి నుంచి ఓ వితంతువును చార్నాక్ కాపాడి తెచ్చుకున్నాడని. అలెగ్జాండర్ హామిల్టన్ అనే ఓడ కెప్టెన్ 1727లో అచ్చు వేయించిన పుస్తకంలో ఉందది. చావాలనుకుందా, అతనితో బతకాలనుకుందా అన్నది ఆ కథకు అక్కర్లేదు. తర్వాతివాళ్ళు ఆమెకు మరియా అని పేరు కూడా పెట్టేశారు.

మరుగునపడ్డ స్త్రీలను వెలికితీయడమే పనిగా పెట్టుకున్నవాళ్ళం మనం. ఆ మరియాను మనమూ అందుకోవచ్చా? ఇదే మద్రాసులో 1910లో బెంగళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి ప్రచురించినప్పుడు ముద్దుపళని మాట ముద్దుపళనికే తిరిగి దక్కింది. అక్కడ పద్యాలున్నాయి. అసలేమీ మిగలనిచోట మనం రాసే నవలా, ఇచ్చే గొంతూ ఎవరివి? బెంగతోనే రాస్తాం, నిజమే. కానీ హామిల్టన్ కూడా ఆమె తరఫునే మాట్లాడుతున్నాననుకుని ఉంటాడు. ఆ పేరును నేను వాడను. కల్పన వద్దనడం లేదు, కల్పన అని చెప్పి రాయమంటున్నాను.

చర్చి ఆవరణలో నేలంతా సమాధి ఫలకాలే. వాటిలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి ఒకటి. దొరసాని గనక ఆమెకు రాయైనా ఉంది. మీద అడుగు వెయ్యకుండా నడవడం కష్టం. ఆ ముగ్గురు పిల్లల్నీ తల్లి ఇంట్లో ఏ పేర్లతో పిలిచేదో!