చెయ్యి కంటే ముందు మాట

మూడేళ్ల పిల్లవాణ్ణి రోజంతా ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. ఆడుకుంటుంటే రెక్క పట్టుకుని లేపుతారు. వెనక నుంచి వచ్చి ముక్కు తుడుస్తారు. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద పెడతారు. ఇందులో కోపం లేదు, నిర్లక్ష్యం లేదు, చాలావరకు ప్రేమే. కానీ ఇప్పుడు ఏం జరగబోతోందో వాడికి ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లకైతే ఆస్పత్రిలో నర్సమ్మ కూడా “చెయ్యి చాపండి” అన్నాకే సూది తీస్తుంది.

పసిపిల్లలతో మాట్లాడటం గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. చెయ్యి వేయబోయే ముందు మాట చెప్పాలి. చెప్పాక కాస్త ఆగాలి. వినడానికి ఇది చాలా చిన్న సంగతి. ఇరవై మంది పిల్లలున్న అంగన్‌వాడీ గదిలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇలాగే మెలగాలంటే మాత్రం ఎంత కష్టమో తెలిసొస్తుంది.

ఖమ్మం వైపు మిర్చి ఏరే రోజుల్లో అంగన్‌వాడీ గుమ్మం దగ్గర పొద్దున్నే నిలబడితే ఆ కష్టం కళ్లారా చూడొచ్చు. ఆటో అప్పటికే హారన్ కొడుతుంటుంది. తల్లి బిడ్డను దింపి, వాడు చూడకుండా తప్పుకోవాలని చూస్తుంది. తల తిప్పేసరికి అమ్మ కనిపించదు, ఏడుపు మొదలవుతుంది. అప్పుడు మనకు అలవాటైన మాట ఒకటుంది: “అదిగో, అమ్మ వచ్చేస్తోంది.” ఆ మాట నమ్మి వాడు గుమ్మం వైపు చూస్తాడు. అమ్మ రాదు. మళ్లీ అదే మాట అంటే మళ్లీ చూస్తాడు. రెండు మూడు రోజులు పోయాక ఆ మాట వినడం మానేస్తాడు. మన మాటకు విలువ లేదని వాడు మొదట తెలుసుకునేది ఇలాంటి చోటే.

అనుభవం ఉన్న టీచరమ్మ ఇంకోలా చేస్తుంది. కింద చాప మీద, వాడి ముఖానికి తన ముఖం సమానంగా ఉండేలా కూర్చుంటుంది. “అమ్మ మిర్చి ఏరను పోయింది కన్నా. మనం అన్నం తిని, పండుకుని లేచినాక వస్తది” అంటుంది. మూడేళ్ల వాడికి గడియారం తెలియదు. అన్నం తెలుసు, పండుకోవడం తెలుసు, లేవడం తెలుసు. వాడికి తెలిసిన పనులతోనే పొద్దు ఎంత పొడుగో చెప్పిందన్నమాట. ఏడుపు అప్పటికప్పుడే ఆగకపోవచ్చు. అన్నం తిన్నాక మాత్రం వాడే వచ్చి, “ఇక పండుకుంటే వస్తదా?” అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న చాలు, మాట వాడికి చేరిందని చెప్పడానికి.

హంగరీలో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టరు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, బుడాపెస్ట్‌లోని లోట్సీ వీధిలో ఒక శిశుసదనం ప్రారంభించింది. అమ్మానాన్నలు లేని పసివాళ్లు, ఉన్నా పెంచలేని స్థితిలో ఉన్నవాళ్ల పిల్లలు అక్కడ పెరిగారు. స్నానం, బట్టలు మార్చడం, తినిపించడం ఇవన్నీ గబగబా ముగించుకోవాల్సిన చాకిరీ కాదనీ, బిడ్డకూ తనను చూసుకునే మనిషికీ మధ్య అసలు బంధం పెరిగే సమయం అదేననీ ఆవిడ నమ్మింది. నెలల బిడ్డనైనా సరే ఎత్తేముందు రెండు చేతులూ చాపి, ఎత్తుకుంటానని చెప్పి, ఆ ఒంట్లో ఏదో ఒక చిన్న కదలిక వచ్చేదాకా ఆగాలి. చొక్కా తొడిగేటప్పుడు చెయ్యి ఇవ్వమని అడగాలి. కొన్నాళ్లకు బిడ్డ నిజంగానే చెయ్యి అందిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లు బిడ్డ మీద చెయ్యి వేసే తీరు కూడా ఒక భాషే అన్నట్టు శ్రద్ధగా నేర్చుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్లలో లాల పోసే ముసలమ్మలు గుర్తొచ్చారు. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసే ఆవిడ నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఇప్పుడు కాళ్లు సాగదీస్తానంటుంది, తల మీద నీళ్లు పోస్తాను కళ్లు మూసుకోమంటుంది, అయిపోయింది ఒక్క చెంబే అంటుంది. అన్న తర్వాతే చెంబు వంచుతుంది. అందరూ అంత నెమ్మదిగా పోశారని నేననను, బిడ్డ గుక్కపట్టేలా పోసినవాళ్లూ ఉన్నారు. అయినా మాట ముందు, నీళ్లు తర్వాత అన్న వరస మనకు కొత్తది కాదు. ఆ చెయ్యి తిరిగిన ముసలమ్మను ఏ శిక్షణ తరగతికీ ఎవరూ పిలవలేదు, అంతే.

ఆగడం గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే మనం ఎక్కువగా తప్పేది అక్కడే. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు అధ్యాపకురాలు బడి పాఠాలను రికార్డు చేసి విని, 1970లలో ఒక సంగతి రాసింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదు, ఆ వెంటనే మళ్లీ అడగడమో, తామే జవాబు చెప్పేయడమో, ఇంకో పిల్లవాడిని లేపడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న తరగతుల్లో పిల్లల జవాబులు పొడుగయ్యాయి, తెలియదన్న జవాబులు తగ్గాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఆవిడ చూసింది బడి పిల్లల్ని. వాళ్లకంటే చిన్నవాళ్లకు మూడు సెకన్లు ఏమూలకు?

ఒక పాపను “ఇయ్యాల ఏం తిన్నవ్ తల్లీ?” అని అడిగి ఊరుకోండి. పాప మీ ముఖం చూస్తుంది. తర్వాత పైకప్పు చూస్తుంది. మోకాలి మీద పొక్కు గీరుకుంటుంది. గోడ మీద బల్లిని చూస్తుంది. ఈపాటికి మనం “అన్నం తిన్నవా? పప్పు తిన్నవా? గుడ్డు తిన్నవా?” అని మూడు ప్రశ్నలు వేసి, “ఆ, గుడ్డు తిన్నది” అని జవాబు కూడా మనమే చెప్పేసి వెళ్లిపోతాం. వెళ్లకుండా ఉన్నామనుకోండి, చాలాసేపటికి పాప అంటుంది: “మా కోడి పొదుగుతాంది.” అడిగిందానికి ఇది జవాబు కాదనిపిస్తుంది. నిజానికి ఇదే జవాబు. పళ్లెంలో గుడ్డు దగ్గర మొదలై, ఇంట్లో గంప కింద కూర్చున్న కోడిదాకా వెళ్లి, అక్కడి నుంచి మనకోసం ఒక మాట మోసుకొచ్చింది. అంత దూరం వెళ్లి రావడానికి ఆ మాత్రం సమయం పట్టదా!

భద్రాచలం, ఉట్నూరు, పాడేరు ప్రాంతాల్లో ఈ ఆగడం నెలల లెక్కన ఉంటుంది. ఇంట్లో కోయ, గోండి, కువి మాట్లాడే బిడ్డ తెలుగు టీచరు ముందు కూర్చుంటుంది. కొందరు పిల్లలు నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడరు. వాళ్లకేమీ రాదని రాసేయడం తేలిక. వాళ్లు వింటున్నారు, అంతే. బిడ్డ మన దగ్గరికి రాలేకపోతే మనమే వెళ్లాలి. 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని బోర్డీలో పిల్లల కోసం పని మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ఇళ్ల ముంగిళ్లకు తీసుకెళ్లారు. మాట విషయంలోనూ అంతే. బిడ్డ భాష తెలిసిన ఆయమ్మ ఒక్కరు ఉన్నా గది మారిపోతుంది. దాహమైతే ఏమనాలో, దొడ్డికి వస్తే ఎవరికి చెప్పాలో బిడ్డకు దారి దొరుకుతుంది. టీచరమ్మ కూడా ఆ పిల్లల భాషలో ఒక పది మాటలు నేర్చుకుంటే, తప్పు పలికినా సరే, పిల్లలు నవ్వి సరిదిద్దుతారు. ఆ నవ్వుతో మొదలైన మాటలు ఇక ఆగవు.

భయపెట్టడం గురించి ఒక్క మాట. “అల్లరి చేస్తే సూది వేయిస్తా” అని ఇంట్లోనూ అంటాం, అంగన్‌వాడీలోనూ అంటాం. తీరా ఐదేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ కోసం ఏఎన్ఎం అమ్మ పెట్టె పట్టుకుని అదే గదిలోకి వచ్చేసరికి, తను ఏం తప్పు చేశానా అని బిడ్డ వెతుక్కుంటుంది. రోగం రాకుండా కాపాడే మందును మనమే శిక్షగా మార్చాం. “నొప్పే ఉండదు” అనడం ఇంకో అబద్ధం. “చురుక్కుమంటది. నా చెయ్యి గట్టిగ పట్టుకో. పది లెక్కపెడదాం” అంటే బిడ్డ ఏడుస్తూనే లెక్కపెడుతుంది. ఏడవనివ్వండి. మనం చెప్పినట్టే జరిగిందని దానికి తెలిసింది కదా.

పిల్లలు పక్కనే ఉండగా “వీడికింకా మాటలు సరిగా రాలేదు”, “ఇది ఏదీ తినదు” అని వాళ్ల గురించి మాట్లాడుకోవడం కూడా మానాలి. వాళ్లకు వినబడుతుంది.

ఇదంతా పిల్లల కోసం నేర్చుకునే ఉపాయమని నేననుకోవడం లేదు. చెప్పి, ఆగి, అప్పుడు చేయడం అలవాటైన మనిషి ఇంటికెళ్లాక మంచం పట్టిన అత్తగారిని పక్కకు తిప్పేటప్పుడు కూడా “ఇటు తిప్పుతున్నా అత్తయ్యా” అంటుంది. కూర వడ్డించేముందు గిన్నె చూపించి అడుగుతుంది. ఎదుటివాళ్లు మాట వెతుక్కుంటుంటే తను అందించకుండా ఉండగలుగుతుంది. మన ఇళ్లలో కొరవడింది ప్రేమ కాదు, ఆగి ఎదుటివాళ్లకు ఇచ్చే ఈ కాస్త జాగానే. బాగా బతకడమంటే నాకు ఇప్పుడు ఎక్కువగా తోచేది ఇదే.

అయితే ఆగాలంటే ఆగే తీరిక ఉండాలి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీల పథకం, ఇప్పుడు ఊరూరా ఉంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు చెప్పే టీచరే బరువులు తూచాలి, సరుకు లెక్క చూడాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడిన మనిషిని పాప మాట కోసం ఆగమని చెప్పడం అన్యాయం. ఆ సమయంలో లోపల పిల్లల ముక్కు తుడిచేది, దొడ్డికి తీసుకెళ్లి కడిగేది, ముద్ద కలిపి పెట్టేది ఆయమ్మ. రోజులో బిడ్డ మీద ఎక్కువసార్లు పడే చెయ్యి ఆవిడది, బిడ్డ ఎక్కువగా వినే మాట ఆవిడది. పిల్లలతో ఎలా మాట్లాడాలన్న శిక్షణ ఏదైనా పెడితే మొదటి వరసలో కుర్చీ ఆయమ్మకు వేయాలి, ఆ రోజు వేతనం నష్టపోకుండా చూడాలి, ఆవిడకు ఇప్పటికే తెలిసింది ఏమిటో ముందు అడగాలి.