నాచు ఏరే చేతులకు ఏ భాగం?

సముద్ర పరిరక్షణ గురించి ఏ పత్రం తిరగేసినా 'స్థానిక ప్రజల భాగస్వామ్యం' అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. భాగస్వామి అంటే భాగం ఉన్న మనిషి కదా. తమిళనాడు తీరాన, మన్నార్ సింధుశాఖలో నాచు ఏరే స్త్రీలకు ఉన్న భాగమేమిటన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్న 21 చిన్న దీవులనూ వాటి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలనూ 1986లో జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించారు. అంతకు ముందునుంచే అక్కడి పల్లెల స్త్రీలు వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగి, రాళ్ళను పట్టుకున్న నాచు తెంపుకొస్తున్నారు. దానినుంచి తీసే అగార్ మనం తినే జెల్లీల్లో ఉంటుంది, మన విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లోనూ ఉంటుంది. పార్కు వచ్చాక ఆ పని చొరబాటు అయింది.

అప్పుడు వాళ్ళు సంఘం కట్టి తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. నెలకు 12 రోజులే నాచు తీయాలి. ఇనుప పనిముట్లతో గీకకూడదు. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్ళూ నీళ్ళలో దిగకూడదు. వాళ్ళలో ఒకరైన లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. సంతోషమే. కానీ ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇంట్లో నెలకు 18 రోజులు ఈ సంపాదన వదులుకోవడమంటే ఏమిటో జీతంతో సెలవులు తీసుకునే నాలాంటివాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

ఇదే తీరంలో కప్పాఫైకస్ అనే విదేశీ నాచు సాగును 'మహిళల జీవనోపాధి' పేరుతో స్వయం సహాయక సంఘాల ద్వారా ప్రోత్సహించారు. అది క్రుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికి పాకిందని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. సముద్రం వేడెక్కి 2010లో, మళ్ళీ 2016లో దిబ్బలు తెల్లబారాయి. ఈ రెండిటిలో దేనికీ చేత్తో నాచు తెంపే మనిషి కారణం కాదు.

వాళ్ళను 'సముద్రపు బిడ్డలు' అని కీర్తించాలని రచయిత్రులకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. ప్రకృతితో స్త్రీల సంబంధాన్ని వాళ్ళ స్వభావంలో కాక పనిలో, ఆస్తిలో, కులవర్గాల్లో వెతకాలని బీనా అగర్వాల్ 1992లోనే వాదించారు. వచ్చే ఏడూ నాచు ఉండాలన్న లెక్క చాలు ఆ కట్టుబాట్లను అర్థం చేసుకోవడానికి. దానికి మాతృత్వం తగిలించడమెందుకు?

వేట నిషేధ కాలంలో మత్స్యకారులకు తమిళనాడు ప్రభుత్వం భృతి ఇస్తుంది, మన ఆంధ్ర తీరంలోనూ ఇస్తారు. చేప గుడ్లు పెట్టే కాలానికి వర్తించే న్యాయం నాచు తిరిగి మొలిచే ఆ 18 రోజులకు ఎందుకు వర్తించదు? పార్కు గురించి నిర్ణయాలు చేసే సమావేశంలో ఈ స్త్రీలకు కుర్చీతో పాటు ఓటు కూడా ఎందుకుండకూడదు? నేనడిగే భాగం ఇదే.