పలుకు యంత్రము, వినవలసిన చెవి



మాటను మోసికొనిపోవు క్రొత్త సాధనము వచ్చినప్పుడెల్ల జనులు దాని నేర్పు చూచి ఆశ్చర్యపడుదురు. ఆ మాటను వినువాడెవడని అడుగువారు అరుదు. ఈ మాసము ఆ ప్రశ్ననే మీ యెదుట ఉంచుచున్నాము.

భద్రాచలము అడవుల కావల, ఛత్తీస్‌గఢ్‌లో, శుభ్రాంశు చౌధరి అను విలేఖరి 2010 ఫిబ్రవరిలో ‘సీజీనెట్ స్వర’ అను ఏర్పాటును ప్రజల యెదుటికి తెచ్చెను. బిల్ థీస్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు దానికి తోడ్పడెను. చదువురానివాడైనను సామాన్యమైన సెల్‌ఫోనులో 1 నొక్కి తన సంగతి చెప్పగలిగెడివాడు. 2 నొక్కి ఇతరుల సంగతి వినగలిగెడివాడు. మన కోయభాషకు చుట్టమైన గోండీలో జనులు తమ కష్టము తామే చెప్పుకొనిరి. చెప్పినదానిని పరిశీలించిన పిమ్మటనే అందరికి వినిపించెడివారు. అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞ యంత్రములో పలికిన మాటకును వర్తించును గదా!

కూలి రాలేదని ఒకరు, చేతిపంపు చెడినదని ఒకరు చెప్పిరి. అధికారి ఫోను నంబరును కూడ చెప్పెడివారు. ఎక్కడో పట్టణములో విన్నవారు ఆ అధికారికి ఫోను చేసి అడిగెడివారు. అట్లు అడిగినందున అనేక పర్యాయములు పని జరిగెను. యంత్రము మొరను మోసెను గాని పంపును బాగుచేయలేదు. విన్నవాడు ఊరకుండనందుననే అది బాగుపడెను.

పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన జన్మభాషలోనే వినెనని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయము తెలుపుచున్నది. మా భాష నేర్చుకొని రండని దేవుడు జనులతో అనలేదు. వారి భాషలోనికి ఆయనయే వచ్చెను.

2005 తరువాత సల్వాజుడుం కాలపు అల్లర్లలో ఇల్లు విడిచివచ్చిన గుత్తికోయలు మన ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున గుడిసెలు వేసికొనిరి. సంతలో మన ప్రక్కనే నిలుతురు. మిరపచేలకు కూలికి వత్తురు. లెక్కలో కూలి తగ్గినప్పుడు వారి పక్షమున ఒక మాట అడుగువాడెవడు? వారి భాష మాకు రాదను సాకు దేవుని యెదుట చెల్లునా?

యాకోబు పత్రిక 1:19 మాటకంటె వినికిడిని ముందుంచుచున్నది. నేడు దాదాపు ప్రతి యింట సెల్‌ఫోను కలదు; పలుకుటకు కొదువ లేదు. కాబట్టి కోయభాష తెలిసిన పెద్దలయొద్ద ఈ మాసము పది మాటలైనను నేర్చుకొందము. చేనిగట్టున ఆ పొరుగువాని చెంత ఒక గడియ కూర్చుండి విందము. విని, అతని పని జరుగువరకు అతనితోకూడ నడతము.