గోమయము – కాయకము

ప్రతి ఉదయము ఇష్టలింగార్చనకు ముందు మనము నుదుట ధరించు విభూతి గోమయమును ఎండబెట్టి కాల్చి సిద్ధపరచినది. ఆ గోమయమే పొలమునకు పోయినచో మన శ్రీకాకుళ, విజయనగర సీమలలో గత్తమనిపించుకొనును. నుదుటికి వచ్చినపుడు పవిత్రమని, గంపకెత్తవలసినపుడు నీచమని తలచు మనసు శరణుల మార్గమునకు తగునా? రసాయనపు ఎరువా, జీవపు ఎరువా అను చర్చలో నాకు మొదట తోచు ప్రశ్న ఇదియే.

అయినను లెక్క దాచరాదు. 45 కిలోల యూరియా బస్తాలో నూటికి 46 పాళ్లు, అనగా దాదాపు 21 కిలోల నత్రజని యున్నది. రాయితీ మూలమున ఆ బస్తా సుమారు 267 రూపాయలకే దొరకును. ఎకరమునకు చేయు జీవామృతములో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను, 200 లీటర్ల నీరు. వీటన్నిటిలోని నత్రజని కలిపినను పావుకిలోకు అటునిటుగా నుండును. పక్షమునకొకసారి పారించినను ఇది యూరియాకు బదులని చెప్పువారు, తెలిసియో తెలియకయో, రైతును మోసగించుచున్నారు. దాని పని వేరు. నేలలోని సూక్ష్మజీవులను పెంపొందించుటకు ఉద్దేశించినది అది. పైరుకు ఆహారము గత్తము నుండి, జనుము, జీలుగ, పిల్లిపెసరల వంటి పచ్చిరొట్ట నుండి రావలెను. జీలుగ వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. పూతకు వచ్చువేళ దానిని దమ్ములో కలియదున్నినచో ఆ సత్తువ వరికి చేరును.

మరి గత్తమేది? ట్రాక్టరు వచ్చెను, ఎద్దులు పోయెను. మిగిలిన పేడలో కొంత పిడకలగుచున్నది. ఆ పేడ నెత్తుట, కలుపుట, మోయుట ఎక్కువగా స్త్రీల వంతు. 2016లో రైతు సాధికార సంస్థ మొదలిడిన ప్రకృతి వ్యవసాయమును మహిళా సంఘములే ఊరూర మోయుచున్నవి. సత్యక్క శివభక్తుల వాకిళ్లూడ్చుటను కాయకముగా గైకొనెను; ఒక్కలిగ ముద్దన్న సేద్యమును గైకొనెను. వారి పేర్లు భక్తితో తలచు మన యిండ్లలో పేడకడి ఎత్తు పని కూలిమనిషికే వదలివేయుట నాకు సిగ్గుగా నున్నది.

అట్లని తొందరయు కూడదు. 2021 ఏప్రిలులో శ్రీలంక ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కపెట్టున నిషేధించెను. వరి దిగుబడి పడిపోయెను; నవంబరు నాటికే వెనుదిరుగవలసి వచ్చెను. దాసోహమునకు ధాన్యము కావలెను గదా! యూరియా అతిగా వేసినచో కొంత గాలిలోనికి పోవును, కొంత నైట్రేటుగా మారి బావినీటిలో దిగును, పైరు మెత్తబడి పురుగును పిలుచును. ఇదియు నిజమే. కావున మట్టి పరీక్ష చేయించి, పచ్చిరొట్ట వేసినంత మేరకు ఏటేట బస్తా తగ్గించుకొనుట వివేకమని నా తలపు.

అయితే ఆ తగ్గింపు కాలములోని నష్టమెవరిది? వంశధార, నాగావళి ఆయకట్టులలో పెక్కు మడులు కౌలువారి చేతిలో నున్నవి. నోటిమాటపై ఏడాదికి కౌలు తీసికొన్నవాడు గత్తము తోలి నేలను బాగుచేసిన, మూడవయేట దాని ఫలము మరియొకనికి పోవచ్చును. పంట తగ్గినను కౌలుబస్తాలు మాత్రము తగ్గవు. అట్టివానికి యూరియా మానుమని బోధించుట సులభము. వాని లెక్కలో యూరియాయే న్యాయము. దోషము వానిది కాదు, గడువియ్యని మనది.

మఠములకు మాన్యములున్నవి, మనలో భూస్వాములును ఉన్నారు. బోధించుటకు ముందు మనము చేయవలసినది కలదు. ఒక్క మడినైనను ఐదేండ్ల గడువుతో, వ్రాతమూలకముగా కౌలుకిచ్చి, మొదటి రెండేండ్లు కౌలు తగ్గించి, మఠపు గోశాల గత్తమును ఆ కౌలుదారునకే తోలించవలెను. తోలునాడు మన పిల్లలును గంప పట్టవలెను.