పిన్ను

లైసెన్సున్న తుపాకుల షాపులో రిపేరు పని నాది. ఓ మోతుబరి తాతలనాటి .22 రైఫిలు తెచ్చాడు. ఫైరింగు పిన్ను లేదు, కాల్చిన తూటా తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టరూ లేదు. ఉక్కుముక్కలు ఆకురాయితో అరగదీసి రెండూ చేశాను. ఈ రకం తూటాకి నిప్పు నడుమ పుట్టదు, అంచులో పుడద్ది. పిన్ను పొట్టిదైతే పేలదు. పొడుగైతే, తూటా లేకుండా నొక్కినప్పుడు బారెలు అంచునే చితగ్గొడద్ది.

మాది ఏ పేటో తెలిశాక మంచినీళ్లు వద్దన్నాడు గానీ, నేను తోమిన కొయ్యకి చెంప ఆనించి గురి చూశాడు.

1959 ఆయుధాల చట్టం రిపేరుకూ లైసెన్సు అడుగుద్ది. ఎవరిమీదికి బాగుచేస్తున్నావని అడగదు. అది నేనే అడుక్కోవాల. పిన్ను రవ్వంత పొట్టిగా అరగదీస్తే? ‘వీళ్ల పనింతే’ అంటాడు. చెప్పులు కుట్టిన మా నాయన ఒక్కనాడూ ఆ మాట పడలేదు. సరిగ్గానే చేశాను. అయినా పని నాది, పాపం వాడిది అనుకోలేను. రసీదులో రిపేరు చేసినవాడి పేరు దగ్గర ఇంటిపేరుతో సహా రాశాను.