ద్రాక్షతోట సత్రం

యజ్ఞకర్మను విచారించిన మీమాంసా శాస్త్రం ఫలం దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ప్రశ్న వేసుకుంది: హోమం చేసేది ఒకరు, ఖర్చు భరించేది మరొకరు, ఫలం అందేది ఎప్పటికో, అలాంటప్పుడు ఆ ఫలం ఎవరిది? జైమిని సూత్రాల సమాధానం ప్రకారం, చేతులతో కర్మ నడిపేది ఋత్విజులే అయినా, దక్షిణ ఇచ్చి వారిని నియమించుకున్న యజమానికే ఫలం చెందుతుంది. కర్మ ఇవాళే ముగిసిపోయి, ఫలం చాలాకాలానికి గాని రానప్పుడు ఆ రెండింటినీ కలిపి ఉంచే కంటికి కనబడని శక్తి ఒకటి ఉండి తీరాలని తలచి, మీమాంసకులు దానికి 'అపూర్వం' అని పేరు పెట్టారు. పంటలను పట్టే కొత్త తెగుళ్ల మీద పరిశోధనకు డబ్బు ఎవరు పెట్టాలి, ఎందుకు పెట్టాలి అన్న నేటి ప్రశ్నకు కూడా రూపం ఇదే. డబ్బు ఈ ఏటి రైతుది, శ్రమ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడిది, ఫలం ఇరవై ఏళ్ల తరువాత మరెవరి తోటలోనో కనిపిస్తుంది. కాలిఫోర్నియా ద్రాక్షతోటల చరిత్ర ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన నేల, ఎందుకంటే ఆ రైతులు దీనికి చట్టబద్ధంగానే ఒక జవాబు రాసుకున్నారు.

దక్షిణ కాలిఫోర్నియాలోని అనహైమ్ ఊరు పుట్టిందే ద్రాక్ష కోసం. 1857లో జర్మన్ వలసదారులు లాస్ ఏంజిలస్ వైన్‌యార్డ్ సొసైటీ పేరుతో వాటాలు వేసుకుని, భూమిని 20 ఎకరాల చొప్పున 50 తోటలుగా విభజించి, కాలువ తవ్వి, తీగలు నాటించి, తోటలను ఉమ్మడి ఖర్చుతో పెంచిన తరువాతే చీటీలు వేసి పంచుకున్నారు. భూమిలో, నీటిలో, కూలిలో ఉమ్మడిగా నడిచిన ఆ సంఘానికి ఉమ్మడి జ్ఞానం మాత్రం లేదు. 1880లలో పేరు తెలియని తెగులు ఒకటి వచ్చి, ఆ ప్రాంతంలో 30 వేల ఎకరాలకు పైగా తోటలను ఎండగట్టింది. అమెరికా వ్యవసాయ శాఖ పంపిన న్యూటన్ పియర్స్ ఏళ్ల తరబడి పరిశీలించి 1892లో నివేదిక సమర్పించాడు గాని, కారణాన్ని పట్టుకోలేకపోయాడు. తెగులుకు ఆయన పేరే నిలిచిపోయింది. తరువాత దశాబ్దాల పాటు అది వైరస్ వల్ల వస్తుందని అందరూ నమ్మారు. 1970లలో గాని అసలు దోషి బ్యాక్టీరియా అని తేలలేదు, 1987లో గాని దానికి జైలెల్లా ఫాస్టిడియోసా అన్న పేరు స్థిరపడలేదు. ఒక తెగులుకు సరైన కారణం తెలియడానికే దాదాపు తొంభై ఏళ్లు పట్టిన సంగతిని, పరిశోధన ఫలితాలు ఏవని మూడేళ్లకే నిలదీసేవారు గుర్తుంచుకోవడం న్యాయం.

ఈ బ్యాక్టీరియా తీగలోని దారువులో, అంటే వేరు పీల్చిన నీటిని ఆకు దాకా మోసే సన్నని గొట్టాలలో, కాపురం పెట్టి ఆ గొట్టాలను పూడ్చివేస్తుంది. నేలలో తడి ఉన్నా తీగ దాహంతో మాడుతుంది. ఆకు అంచులు కాలినట్టు ఎండుతాయి. ఆకు రాలిపోయినా దాని కాడ మాత్రం రాలక, గుచ్చిన అగ్గిపుల్లలాగా తీగనే అంటిపెట్టుకుని ఉంటుంది. తెగులు సోకిన తీగ సాధారణంగా కొన్నేళ్లలోనే చచ్చిపోతుంది. దాన్ని బతికించే మందు ఇప్పటికీ లేదు. బ్యాక్టీరియాను ఒక తీగ నుంచి మరో తీగకు మోసేవి షార్ప్‌షూటర్లనే రసం పీల్చే పురుగులు. మన పత్తిని పీల్చే పచ్చదోమ కుటుంబానికి చెందినవే ఇవి. కాలిఫోర్నియాలో మొదటి నుంచీ ఉన్న రకాలు లేత కొమ్మల చివరలను కుట్టేవి కాబట్టి, చలికాలపు కత్తిరింపులతో తెగులు చాలావరకు తెగిపోయేది. 1990 ప్రాంతంలో బయటపడిన గ్లాసీ వింగ్డ్ షార్ప్‌షూటర్, అంటే గాజురెక్కల పురుగు, అలాంటిది కాదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు ఈ పురుగు ముదురు కొమ్మల మొదళ్లను కూడా కుడుతుంది; అక్కడ చేరిన బ్యాక్టీరియాను కత్తెర తాకలేదు. దారువులోని రసం పలచన కాబట్టి బతకడానికి అది రోజంతా తాగుతూనే, తాగినదాన్ని బొట్లు బొట్లుగా విసర్జిస్తూనే ఉంటుంది. పురుగు దట్టంగా పట్టిన చెట్టు కింద నిలబడితే సన్నని తుంపర మీద పడుతుంది. ఆడపురుగు ఆకు అడుగున పైపొర కింద గుడ్లను పక్కపక్కనే పేర్చి, వాటి మీద సున్నం లాంటి తెల్లని పొడి పులుముతుంది. నర్సరీ మొక్కల ఆకుల వెనక ఈ తెల్లని మచ్చను వెతికి పట్టుకోవడం అక్కడి తనిఖీ సిబ్బందికి నిత్యకృత్యం. ఆ పొడి మచ్చ ఒక్కటి కంటపడకపోతే లారీ ఎక్కిన మొక్కతోపాటు తెగులు కూడా కొత్త జిల్లాకు ప్రయాణం కట్టవచ్చు.

1999లో కాలిఫోర్నియాలోని టెమెక్యులా లోయలో ఈ పురుగు, ఈ బ్యాక్టీరియా కలిసి వందల ఎకరాలను నాశనం చేశాక, రాష్ట్ర శాసనసభ 2001లో ఒక ఏర్పాటు చేసింది. వైన్ ద్రాక్ష పండించే ప్రతి రైతూ పంట విలువలో వెయ్యి డాలర్లకు 3 డాలర్లు మించకుండా సెస్సు కట్టాలి. పురుగు కదలికలను అరికట్టే పనికి ప్రభుత్వ నిధులు నడుస్తుండగా, సెస్సు ప్రధానంగా పరిశోధనకు పోతుంది. ఈ సెస్సు కొనసాగాలా వద్దా అని అయిదేళ్లకోసారి రైతులే ఓటు వేసి తేల్చుకోవాలి. ఈ ధనాన్ని దానమనాలా, పెట్టుబడి అనాలా, పన్ను అనాలా?

కర్మల విభాగం ఇక్కడ అక్కరకు వస్తుంది. కోరిక తీరడానికి చేసేది కామ్యం, ఒక సందర్భం వచ్చిపడినప్పుడు చేయవలసినది నైమిత్తికం, కోరికతో గాని సందర్భంతో గాని పని లేకుండా ఎల్లవేళలా చేయవలసినది నిత్యం. ఫ్రాన్సు ఒకప్పుడు పరిశోధనను కామ్యంగా నడిపింది. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే సూక్ష్మమైన వేరు పురుగు ఆ దేశపు తోటలను తినేస్తుంటే, ప్రభుత్వం 1874లో బహుమతిని 3 లక్షల ఫ్రాంకులకు పెంచి విరుగుడు కనిపెట్టినవారికి ఇస్తామని ప్రకటించింది. విరుగుడు దొరికింది, పురుగును తట్టుకునే అమెరికన్ తీగ వేరు మీద యూరప్ తీగను అంటుకట్టడమే అది. బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు. 1868లో చచ్చిన తీగల దగ్గర ఆగకుండా బతికున్న తీగల వేళ్లు తవ్వి పురుగును చూసిన ప్లాంషోన్ బృందం, అది అమెరికా పురుగేనని నిర్ధారించిన మిస్సోరీ కీటక శాస్త్రజ్ఞుడు రైలీ, అంటు కట్టి చూసిన పేరు లేని రైతులు, ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన జ్ఞానాన్ని ఒక్కరి పేరు మీద రాయడం ఆ లెక్కకు సాధ్యపడలేదు. కామ్యకర్మకు ఒకే యజమాని కావాలి. జ్ఞానానికి అలాంటి యజమాని దొరకడు.

నైమిత్తికం ఇంకా పెద్ద ప్రమాదం. తెగులు విరుచుకుపడిన ఏడాది ఖజానాలు తెరుచుకుంటాయి, పురుగు కనబడని ఏడాది మూతపడతాయి. తీగ మాత్రం ఆ క్యాలెండరు ప్రకారం పెరగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆండ్రూ వాకర్ ద్రాక్ష పువ్వుల మీద పుప్పొడి చల్లి, గింజలు మొలకెత్తించి, తెగులు తట్టుకునే మొలకలను ఏరి, తరం తరువాత తరంగా మేలిరకాలతో మళ్లీ సంకరం చేస్తూ 2019లో అయిదు తెగులు నిరోధక రకాలను విడుదల చేసే నాటికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. మధ్యలో రెండేళ్లు డబ్బు ఆగి ఉంటే, నీళ్లు లేక ఎండిన ఆ మొలకల స్థానంలో ఏ బడ్జెటూ మళ్లీ అవే మొలకలను నిలబెట్టలేదు. నిత్యకర్మ అయిన సంధ్యావందనాన్ని కష్టం వచ్చిన రోజుకు మాత్రమే దాచుకోరు. తెగుళ్ల పరిశోధన కూడా అదే కోవకు చెందినదని ఒప్పుకోనంతకాలం ప్రతి ఉపద్రవమూ మనను మొదటి పాఠం దగ్గరే పట్టుకుంటుంది.

సెస్సుకు వైదిక కర్మలో అత్యంత సన్నిహితమైన రూపం సత్రయాగం. పన్నెండు రోజులు గాని అంతకు మించి గాని సాగే ఈ క్రతువులో పదిహేడు మందికి తక్కువ కాకుండా కలిసి కూర్చుంటారు. అందరూ ఋత్విజులే, అందరూ యజమానులే, కనుక దక్షిణ ఇచ్చేవారూ లేరు, పుచ్చుకునేవారూ లేరు. ఫలం మనిషికింత అని ముక్కలవదు, ప్రతి ఒక్కరికీ సంపూర్ణంగా దక్కుతుందని మీమాంసకులు తీర్మానించారు. ఈ తీర్మానం జ్ఞానానికి ఎంత చక్కగా అతుకుతుందో గమనించాలి: తెగులును తట్టుకునే గుణం తీగలో ఏ జన్యుభాగం మీద ఉందో తెలిస్తే, ఆ తెలివిని వెయ్యిమంది వాడుకున్నా ఎవరి వంతూ తగ్గదు. పోలిక ఒకచోట తెగిపోతుంది. యాగంలో కూర్చోనివాడికి ఫలం లేదు. తోటల విషయంలో కూర్చోనివాడికీ ఉంది. సెస్సు వైన్ ద్రాక్షకే పరిమితం, కాని అదే బ్యాక్టీరియా బాదం చెట్ల ఆకులనూ మాడుస్తుంది, 2013లో బయటపడినప్పటి నుంచి ఇటలీలోని పూలియా ప్రాంతంలో శతాబ్దాల నాటి ఆలివ్ చెట్లను లక్షల సంఖ్యలో చంపింది. ద్రాక్ష రైతు డబ్బుతో తెలిసిన సంగతి ఆ రైతులకూ తెలుస్తుంది.

ఇక్కడ తెలుగు భాష చాలాకాలం కిందటే ఒక అడుగు ముందుకు వేసి ఉంది. యజ్ఞానికి చెందిన ఆ మాటే తెలుగులో సత్రమై, దారిన పోయే ఎవరికైనా అన్నం పెట్టే, తలదాచుకోనిచ్చే ఇంటికి పేరైంది. కూర్చున్నవారికే ఫలమిచ్చే కర్మ పేరు, కట్టించినవాడెవరో తెలియకుండా తిని వెళ్లే బాటసారి చోటుకు అతకడం భాషలో జరిగిన చిన్న మార్పు కాదు. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాల సరసన మనుష్య ఋణాన్ని కూడా చేర్చి, అది అతిథికి అన్నమూ ఆశ్రయమూ ఇవ్వడం వల్ల తీరుతుందని చెబుతుంది. పక్క తోటవాడు ఉచితంగా లాభపడుతున్నాడన్న ఫిర్యాదును ఆర్థికశాస్త్రం పెద్ద సమస్యగా చూస్తుంది. సత్రం కట్టించినవాడికి మాత్రం బాటసారి రావడమే కట్టడానికి కారణం.

ఓటులో ఓడినవాడి చేత కూడా సెస్సు కట్టించడం ధర్మమా అన్న అభ్యంతరాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. బలవంతంగా తీసుకున్నది పుణ్యం కాజాలదు, నిజమే. అయితే ఋణం తీర్చడం పుణ్యకార్యం కానక్కరలేదు. అప్పు తీర్చినవాణ్ని లోకం దాత అనదు. కనుక అసలు తేల్చవలసినది ఆ రైతు నిజంగా అప్పుపడి ఉన్నాడా అన్నదే. అతని తోటలో పురుగు లేకపోవడానికి కారణం కొంతవరకు పక్క జిల్లాలో ఎవరో నర్సరీ ఆకులు తిప్పి చూడటమే అయినప్పుడు, అతను వద్దన్నా ఆ మేలు అతని గట్టు లోపలికి వచ్చేసింది. అయిదేళ్లకోసారి ఓటు ఉండటం ఈ ఏర్పాటులోని మంచి గుణం. బాకీని గుర్తుచేసేది అధికారి కాకుండా తోటి రైతే కావడం వల్ల మాటకు గౌరవం దక్కుతుంది.

పురుగు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అహింసను ధర్మంగా పాటించే సంప్రదాయాలకు పురుగుమందు ఎప్పుడూ మింగుడుపడని విషయమే. తన సొంత నేల మీద ఈ గాజురెక్కల పురుగు ఇంత విపరీతంగా పెరగదు. దాని గుడ్లలో తన గుడ్లు పెట్టే సన్నని కందిరీగలు అక్కడ దాన్ని అదుపులో ఉంచుతాయి. మొక్కల వ్యాపారంలో దాన్ని లారీల మీద ఊరు దాటించినది మనిషి. దోషమంతా పురుగుదే అన్నట్టు మందు కొట్టడం సులభం. తీగకే తట్టుకునే శక్తినివ్వడం కష్టం, నిదానం, ఖరీదైన పని. కాని ఆ రెండో దారిలో పురుగు వచ్చి కుట్టినా బ్యాక్టీరియా ఆ తీగలో పెద్దగా పెరగదు, ఎవరినీ చంపనక్కరలేదు. పరిశోధనకు పెట్టే ఖర్చులో ఒక భాగం హింసను తగ్గించుకోవడానికి చెల్లించే మూల్యమని ధైర్యంగా చెప్పవచ్చు.

చివరికి మిగిలేది ఋషి ఋణం, అంటే తమకు ముందు చూసి, తెలుసుకుని, చెప్పి పోయినవారికి పడిన బాకీ. అధ్యయనంతోనే ఇది తీరుతుందని శాస్త్రం చెబుతుంది. ఇచ్చినవారికి తిరిగి ఇవ్వడానికి వారు ఉండరు కాబట్టి, తెలుసుకునే పనిని కొనసాగించడమే చెల్లింపు. ఈ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని 2000లో పూర్తిగా చదివినది బ్రెజిల్ శాస్త్రజ్ఞులు. సావో పాలో రాష్ట్రపు నారింజ తోటలను పట్టిన తెగులు కోసం, ఆ రాష్ట్ర ప్రజల డబ్బుతో జరిగిన ఆ పని, మొక్కల తెగులు తెచ్చే బ్యాక్టీరియాలలో జన్యుక్రమం మొదట తెలిసినది ఇదే కావడం వల్ల, ద్రాక్షకూ ఆలివ్‌కూ పునాది అయింది. వాకర్ రకాలకు తెగులు తట్టుకునే గుణాన్నిచ్చిన మూలం, శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ ఓల్మో 1961లో మెక్సికోలోని మాంటెరే దగ్గర సేకరించిన అడవి ద్రాక్ష. గాజురెక్కల పురుగు కాలిఫోర్నియాలో కనబడటానికి దాదాపు మూడు దశాబ్దాల ముందు సేకరించిన ఆ తీగకు ఏటేటా నీళ్లు పోసి కాపాడిన ఖర్చును ఏ లాభనష్టాల పట్టీ సమర్థించగలిగేది?

భారతదేశపు తోటల్లో కూడా ఈ బాకీ కంటికి కనిపిస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉప్పునీటిని, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి థాంప్సన్ సీడ్‌లెస్ తీగను డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క మీద అంటుకడతారు. ఆ డాగ్‌రిడ్జ్‌ను టెక్సాస్ అడవి ద్రాక్షల నుంచి ఏరి పెట్టినవాడు, ఫ్రాన్సు తోటలను నిలబెట్టే వేరు మొక్కల వేటలో సాయపడిన టి.వి. మన్సన్. పందిరి కింద వంగి చూస్తే, నేలకు కాస్త ఎగువన, తీగ మొదట్లో అంటు కలిసినచోట ఉబ్బిన ముడి ఒకటి చేతికి గరుకుగా తగులుతుంది. ఆ ముడికి పైన ఉన్నదంతా రైతు కోసుకునే పంట, కింద ఉన్నది మన్సన్ ఏరి పెట్టిన వేరు.